పుష్పకైంకర్యమునకు తగిన మొక్కలు

తిరుమల మహాద్వారమున వ్రేలాడు గునపమును చూచి నమస్కరించు యాత్రికులెందరో కలరు. బాలుని రూపమున వచ్చిన స్వామి చుబుకమునకు గాయమైన కథయు అందరెరిగినదే. అయితే ఆ గునపము ఏ పనికి వాడబడినదో తలచువారు అరుదు. భగవద్రామానుజుల ఆజ్ఞచే పుష్పకైంకర్యమునకై కొండకు వచ్చిన అనంతాళ్వారు, తన పూదోటకు నీరు చాలుటకై భార్యతో కూడి చెరువు త్రవ్విన గునపమది. పూవును కోరిన ఆ మహనీయుడు నీటిని మరువలేదు.

నేటి గృహస్థుడు మరచుచున్నాడు. కడియము నర్సరీలలో గోదావరి నీటి చలువకు పెరిగిన మొక్కను కంటికింపుగా నున్నదని తెచ్చి అనంతపురములో నాటును. వైశాఖపు టెండకు అది మాడగా తన భక్తిలో లోపమున్నదని వగచును. లోపము భక్తిది కాదు, ఎన్నికది. అనంతపురము సీమలో ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు; కోస్తాలో చాలచోట్ల దాదాపు దానికి రెట్టింపు. తిరుమల యన్ననో సుమారు 850 మీటర్ల ఎత్తున నున్నది. అచటి చల్లదనము క్రింది మైదానములకు లేదు. ఒకే మొక్క అన్నిచోట్ల ఒకే తీరున ఎట్లు బ్రదుకును?

రాయలసీమ, తెలంగాణముల మెట్టనేలలకు నందివర్ధనము, గన్నేరు, పొగడ తగినవి. నందివర్ధనము వేళ్ళూనిన పిదప కొద్దినీటితోనే ఇంచుమించు ఏడాది పొడవున పూచును. గన్నేరు ఎండకు వెరవదు. కాని దాని సర్వాంగములును విషమయములు గనుక పసిపిల్లలకు, పశువులకు అందని తావున నుంచవలెను. సంపెంగకు తేమగల గాలియు, లోతైన నేలయు కావలెను. అది కోస్తా తోటలకు చెల్లును.

ఋతువును కూడ గమనింపవలెను. మల్లె వేసవి పూవు. మార్గశిర పుష్యములలో నీరు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించినగాని చైత్రమున విరగబూయదు. అనగా ధనుర్మాసపూజకు మల్లెను నమ్ముకొనరాదు. అప్పటికి చేమంతి యున్నది. శ్రావణము మొదలు కార్తికము వరకు పారిజాతము. రాలిన పూవు పూజకు పనికిరాదను నియమమునకు పెద్దలు పారిజాతమును మినహాయించిరి గనుక, రాత్రి చెట్టుక్రింద శుభ్రమైన వస్త్రము పరచిన చాలును.

ఏ పూవు లేకున్నను తులసి యున్నచో వైష్ణవగృహమున అర్చనకు కొరత లేదు. దానికి ఎండ తగులవలెను, మొదట నీరు నిలువరాదు. మంజరులను ఎప్పటికప్పుడు గిల్లి స్వామికి సమర్పించినచో పూజయు జరుగును, మొక్కయు గుబురగును. ద్వాదశినాడు దళము కోయరాదు గనుక ముందుగానే కోసి యుంచుకొనవచ్చును. తులసికి నిలువయను దోషము లేదు.

పది దినములు యాత్రకు వెడలువారికి ఒక ఉపాయము కలదు. మట్టికుండ అడుగున చిన్నరంధ్రము చేసి, గుడ్డవత్తి దూర్చి, మొక్కప్రక్కన మెడవరకు పాతి నీటితో నింపి మూతవేయవలెను. నీరు మెల్లమెల్లగా వేళ్ళకందును. కుండ పెద్దదైనచో అన్నిదినములు చాలవచ్చును. చిన్నదైనచో నడుమ నొకమారు నింపుమని ఇరుగుపొరుగువారికి చెప్పి వెళ్ళవలెను.