త్రవ్వి చూడకుడి

ధ్యానభాగము: మార్కు 4:26–29



మన కర్నూలు, కడప జిల్లాల మెట్టరైతునకు వేరుశనగ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. విత్తిన నెల దినములకు పసుపుపచ్చని పూత కనబడును. పిమ్మట ఊడలు నేలలోనికి దిగును. బుడ్డ కట్టుటంతయు మంటిక్రిందనే జరుగును. ఊరినదో లేదోయని దినదినము చెట్టు పెరికి చూచువానికి ఎండిన కట్టె తప్ప మరేమియు దక్కదు. కాబట్టి రైతు కలుపు తీయును, మబ్బు చూచును, కాయ ముదురు దినముకొరకు కనిపెట్టును.

ప్రభువు చెప్పిన ఉపమానములోని మనుష్యుడును అట్టివాడే. విత్తుట అతని పని, కోయుట అతని పని. ఈ రెంటి నడుమ జరుగు పెరుగుదల మాత్రము అతనికి మరుగైయున్నది. మొలకకు ఒక కాలము, కంకికి ఒక కాలము, గింజకు ఒక కాలము దేవుడే నియమించెను.

చేనియొద్ద మనకున్న ఓర్పు ఆత్మీయ జీవితములో ఉండదు. “బాప్తిస్మము పొంది మూడేండ్లాయెను, నా కోపము ఇంకను చావలేదు” అని ఒక సహోదరుడు కుములును. “ఇన్నేండ్లు ప్రార్థించితిని, నా కుమారుడు త్రాగుడు మానలేదు” అని ఒక తల్లి ఏడ్చును. వీరి దుఃఖము నిజమైనది. వీరిని తొందరపడి మందలింపరాదు.

మన పొరుగుననే జరిగిన సంగతి యొకటి జ్ఞాపకము చేసికొందము. శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరున బాప్తిస్టు మిషను సేవ ప్రారంభించిరి. ఏండ్లు గడచినను విశ్వాసులు బహు కొద్దిమందియే. ఫలము లేని ఈ మిషనును మూసివేయుదమా అని 1853లో అమెరికాలో చర్చ జరిగెను. మరుసటి యేట, 1854 జనవరి 1వ తేదీ ఉదయమున, జూయెట్ దొరగారు మరి కొందరితో ఒంగోలు కొండ నెక్కి ఆ ప్రాంతము కొరకు ప్రార్థించిరి. ఆ ప్రార్థనకు వెంటనే ఏ కోతయు రాలేదు. ఒంగోలులో సంఘము ఏర్పడినది 1867లో. అప్పటి సభ్యులు ఎనిమిదిమంది మాత్రమే.

1876–78లో గొప్ప కరువు వచ్చెను. మన జిల్లాలును దానిలో మిక్కిలి నలిగినవి. క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. వారిలో అనేకులు బాప్తిస్మము కోరిరి. కూటికొరకు వచ్చిరన్న మాట రాకూడదని ఆయన దాదాపు 15 నెలలు ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. పని ఇచ్చెను, వాక్యము చెప్పించెను, బాప్తిస్మమును మాత్రము ఆపెను. చివరకు 1878 జూలై 3న వెలంపల్లియొద్ద గుండ్లకమ్మలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కొండమీది ప్రార్థనకు అప్పటికి 24 ఏండ్లు నిండెను.

కరువు మేలని నేను చెప్పుట లేదు. అది లెక్కలేని ఇండ్లను పాడుచేసెను. కనిపెట్టిన కాలము వ్యర్థము కాలేదని మాత్రమే చెప్పుచున్నాను. ఇంకొక మాట కూడ దాచరాదు. మొదట విత్తిన డే దొరగారు 1871లోనే మరణించిరి. గుండ్లకమ్మ ఒడ్డున నిలిచిన ఆ జనమును ఆయన కన్నులు చూడలేదు. దేవుని గడియ ఒక్కొక్కప్పుడు మన ఆయుష్షును దాటి పోవును.

తల్లీ, నీ కుమారుని మార్పు నీవు చూతువో లేదో నేనెరుగను. నీ ప్రార్థనను విన్నవాడు నీ తరువాతను ఉండునని ఎరుగుదును. అన్నా, నీ కోపము చావలేదని నీకు నొప్పి కలుగుచున్నదే, ఆ నొప్పి ముందు నీకుండెనా? రాతినేలకు నొప్పి తెలియదు. మంటిక్రింద ఊడ దిగినది కాబట్టియే నీకు తెలియుచున్నది.

అయితే కనిపెట్టుట అనగా ఊరకుండుట కాదు. కోపములో ఆడిన మాటకు నేడే పోయి క్షమాపణ అడుగుము. సాయంకాలపు కుటుంబ ప్రార్థన మానకుము. క్రొత్తగా వచ్చిన విశ్వాసి తడబడినయెడల వానిని పెరికి చూడకుము, వాని ప్రక్కన కలుపు తీయుము. ఇది మన పాలి పని. గింజ కట్టించుట దేవుని పని.

ప్రార్థన: కోతకు ప్రభువైన తండ్రీ, నీ గడియకు ముందుగా పెరికివేయు మా చేతులను ఆపుము. కలుపు తీయు పనిలో మమ్మును అలయనియ్యకుము. మేము చూడలేని చోట నీవు పనిచేయుచున్నావని నమ్ము కృప దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.