చూచువాని ఋణము

పరదేశమునకు పోయి అచ్చటి పెండ్లిని, జాతరను, పూజను కన్నులార చూచి, ఛాయాచిత్రములు తీసికొని వచ్చుట ఒకప్పుడు సంపన్నులకు మాత్రమే చెల్లినది. నేడు సామాన్య కుటుంబములును బ్యాంకాకునకు, బాలికి పోయివచ్చుచున్నవి. జేబులోని ఫోనే కెమెరా యైనది. ఇందు తప్పేమున్నది? లోకము చూచినవానికి బుద్ధి వికసించునని పెద్దలే యందురు. ఆ మాట నిజము. అయితే చూచువాడు, చూడబడువాడు అని ఇందు ఇరువురు కలరు. మొదటివాని ఆనందమును గూర్చియే అందరును మాటలాడుదురు. రెండవవానిని అడిగినవారెవరు?

హైదరాబాదులోని బంజారా హిల్సు, జూబిలీ హిల్సు, ఫిలింనగరు ప్రాంతములవారికి ఈ ప్రశ్న దగ్గరిది. తెలుగు చిత్రసీమకు నెలవచ్చటనే. పాట కొక దేశముగా తిరిగివచ్చు చిత్రబృందములు బయలుదేరునదియు అచ్చటినుండియే. 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రములోని 'నాటు నాటు' పాటను 2021లో ఉక్రెయిను రాజధాని కీవున మరీన్‌స్కీ ప్రాసాదము ఎదుట తీసిరి. తెరపై అది ఆంగ్లేయుల భవనమై నిలిచెను. 2022 ఫిబ్రవరిలో ఆ నగరముపై యుద్ధము వచ్చి పడినది. లోకమెల్ల ఆ పాటను చూచినది గాని, అది ఏ ఊరి మేడయో తెలిసి చూచినవారు ఎందరుందురు? సినిమా కల్పితము, మేడకు నొప్పి లేదు, కనుక దీనిని పెద్ద దోషముగా ఎంచ పనిలేదు. మనుష్యుడే వెనుకతెర యైనప్పుడు చిక్కు వచ్చును. చిత్రమేమనగా, ఆ సినిమా కథయే ఈ చిక్కుతో మొదలగును. ఒక గోండు బాలిక పాటను, ఆమె చేతిపై వేసిన చిత్రమును మెచ్చిన దొరసాని ఆ బాలికనే వెంట తీసికొనిపోవును. తమ ముందు పడిన నాణెములు పాటకు బహుమానమని తల్లి తలచును. అవి పిల్లకు వెలయని దొరలు తలతురు. ఫొటో తీసి నాణెమిచ్చి 'ఇచ్చితిని గదా' యనుకొను యాత్రికుడు ఆ నాణెము దేనికి వెలయో ఒకమారు విచారింపవలయును.

జపానులోని క్యోటో నగరమున గియోను పేటవారికి ఈ బాధ అనుభవములో తెలిసినది. సంప్రదాయ దుస్తులు ధరించి పనికి పోవు కళాకారిణులను యాత్రికులు వెంటబడి, దారి యడ్డగించి ఫొటోలు తీయసాగిరి. తమ స్వంత సందులలో ఫొటో తీసినచో 10,000 యెన్ల జరిమానా యని 2019లో అచ్చటివారు పలకలు కట్టిరి. అదియు చాలక 2024లో కొన్ని సందులలోనికి యాత్రికుల రాకనే నిషేధించిరి. ఆ యాత్రికులందరు దుర్మార్గులు కారు. ఆ సంప్రదాయముపై ప్రీతితోనే అంతదూరము వచ్చిరి. ఆమె వేళకు పనికి చేరవలసిన మనిషి యను సంగతి మాత్రము వారికి తోచలేదు.

ఇదే సంగతిని ఇంటివైపు త్రిప్పి చూడవలయును. ఒక లింగాయతు గృహమున యజమాని ఎడమ అరచేత ఇష్టలింగము నుంచుకొని దృష్టి నిలిపియున్నాడు. వాకిట నిలిచిన విదేశీయుడు వెలుతురు చాలలేదని, చేయి కొంచెము పైకెత్తుమని కోరెననుకొనుడు. ఆయన మొగమాటమున ఎత్తినచో, ఆ క్షణమున జరుగునది పూజ యగునా? చూపు లింగమునుండి కెమెరావైపు మరలినది. బొమ్మ ఎంత అందముగా వచ్చినను ఆ నష్టము తీరదు. (పెండ్లిలో మనవారి ఫొటోగ్రాఫరే అయ్యగారిని నడుమ ఆపి, మంగళధారణము మరల చేయించుచుండగా విదేశీయుని ననుట యెందుకని ఎవరైన అడిగినచో బదులు చెప్పుట కష్టము.)

అట్లని చూడనే వద్దు, తీయనే వద్దు అనుటయు సరికాదు. వియన్నాలో 1909లో జన్మించిన హైమన్‌డార్ఫ్ అను పండితుడు 1939లో ఈ దేశమునకు వచ్చెను. అంతలో యుద్ధము మొదలైనది. జర్మను పాస్‌పోర్టు గలవాడగుటచే ఆంగ్లేయులు ఆయనను నిజాము రాజ్యము దాటరాదని కట్టడిచేసిరి. భార్య బెట్టీతో కలిసి ఆయన నల్లమల చెంచుల నడుమ, గోదావరి కొండరెడ్ల నడుమ, ఆదిలాబాదు గోండుల నడుమ నివసించి వారి ఆచారములను వ్రాసికొనెను, ఛాయాచిత్రములును తీసెను. అంతటితో పెట్టె సర్దుకొనలేదు. 1940లో కొమురం భీం కాల్పులలో మరణించిన పిమ్మట గోండుల అసంతృప్తికి మూలము భూములు చేజారుటయే యని ఏలికలకు తెలియజెప్పెను. 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము వెలసినది. గోండీ భాషలో వాచకములు వచ్చినవి. వేల కుటుంబములకు భూమి పట్టాలు దొరికినవి. 1987లో బెట్టీ మరణింపగా మార్లవాయిలోనే సమాధి చేసిరి. 1995లో లండనున పోయిన ఆయన అస్థికలను 2012లో ఆమె చెంతకు చేర్చిరి.

కాశ్మీరమునుండి కల్యాణమునకు వచ్చి, కట్టెలమోపు మోసి అమ్ముకొనుచు, ఆ కాయకముతో దాసోహము నడపిన మోళిగె మారయ్య కథ శరణ సంప్రదాయమున ప్రసిద్ధము. బసవన్న కీర్తి విని చూడవచ్చినవాడే ఆయనయు. వచ్చినచోట తానొక మోపు ఎత్తుకొనెను.

పదిదినముల సెలవులో పోవువాడు ఇంత చేయగలడా యనుట న్యాయమైన ఆక్షేపణ. హైమన్‌డార్ఫును యుద్ధము కట్టిపడవేసినది. పైగా 1945లో ఆయన నిజాము ప్రభుత్వమునకు సలహాదారు. సర్కారు మనిషి కెమెరా ఎత్తినప్పుడు ఒక గోండు రైతు 'వద్దు' అనగలిగెనా? ఆయన చేసిన మేలువలన ఈ ప్రశ్న తీరిపోదు. పదిదినముల యాత్రికునికి అంత అధికారము లేదు, ఋణమును అంత పెద్దది కాదు. కెమెరాకు ముందు నమస్కారము, పేరడుగుట, చేయి అడ్డము పెట్టినచో వెంటనే దించివేయుట, ఇచ్చెదనన్న బొమ్మను మరువక పంపుట అతనికి సాధ్యములే. వీనిలో చివరిదే ఎక్కువమంది ఎగవేయునది.

దీనిని అభ్యసించుటకు విమానము ఎక్కవలసిన పనియు లేదు. బంజారా హిల్సులోనే 2022 సెప్టెంబరు 17న కొమురం భీం ఆదివాసీ భవనము, సేవాలాల్ బంజారా భవనము ప్రారంభమైనవి. ఫిలింనగరువారు ఆ వాకిలి త్రొక్కినచో, ఆ కొండకు పేరిచ్చినవారి తీజ్ పండుగను చూడ రావచ్చునా, ఫొటోకు వారు ఒప్పుదురా యని వారినే అడిగి తెలిసికొనవచ్చును.