ప్రోగ్రాము రచయిత జీవనమును కాపీరైటును

సాఫ్ట్‌వేరు రచించువారికి కాపీరైటు లేనియెడల జీవనము గడచునా యను ప్రశ్న పైకి అర్థశాస్త్రమునకు సంబంధించినదిగా కన్పట్టినను, లోతునకు దిగి విచారించినచో అది ధర్మవిచారమే. ఏలయన, పనిచేసినవానికి ప్రతిఫలము ముట్టవలెననుట ఒక ధర్మము, ఆ పనిఫలమును ఒకడు పొరుగువానితో పంచుకొనకుండ అడ్డుపడుట వేఱొక అధికారము, ఈ రెండును ఒకటే యని మనము విచారింపకయే అంగీకరించుచున్నాము.

ప్రోగ్రామునకు కాపీరైటును స్పష్టముగా వర్తింపజేసినది అమెరికా శాసనము 1980లో, మన శాసనము 1984 సవరణలో. అంతకు పూర్వమును ప్రోగ్రాములు వ్రాసినవారు జీతములు తీసికొని కుటుంబములను పోషించుకొనిరి. నేడును హైదరాబాదు కార్యాలయములలో బ్యాంకులకును ఆసుపత్రులకును కోడు వ్రాయు ఉద్యోగులలో అనేకులకు ఆ కోడుపై స్వత్వమే లేదు. అది యజమానిదో, పని చేయించుకొన్న సంస్థదో. వారి యింట పొయ్యి వెలుగుట నెల జీతమువలననే.

ఎం.ఐ.టి. ప్రయోగశాలలో పనిచేసిన రిచర్డ్ స్టాల్మన్ చెప్పుకొన్న వృత్తాంత మొకటి కలదు. ముద్రణయంత్రమున కాగితము ఇఱుకుకొన్నప్పుడు ఆ సంగతి వాడుకరులకు తెలియునట్లు ఆయన పాత ప్రోగ్రామును దిద్దియుండెను. జిరాక్సు సంస్థ యిచ్చిన క్రొత్త యంత్రమునకును అట్లే చేయబూనగా, సోర్స్ కోడు చేతనున్న వేఱొక విశ్వవిద్యాలయ పరిశోధకుడు, ఎవరికిని ఈయనని మాట యిచ్చితినని నిరాకరించెను. తోడివానికి సాయపడకుందునని ప్రమాణము చేయించు వ్యవస్థ ధర్మ్యమా యను ఈ సంశయము ఆయనను వదలలేదు. 1983లో, ఎవ్వరైనను దిద్దుకొని పంచుకొనగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును నిర్మించు గ్నూ ఉద్యమమును ప్రకటించి, మఱుసటి యేడు ఉద్యోగము విడిచి, 1985లో ఈమ్యాక్స్ ప్రోగ్రామును టేపు ఒక్కటికి 150 డాలర్లకు అమ్మెను. కొన్నవాడు దానిని ఎందఱికైనను పంచిపెట్టవచ్చును, అయినను ఆ విక్రయమే ఆయనకు బ్రదుకుతెరు వయ్యెను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకు సేవలందించుటయే వృత్తిగా పెరిగిన రెడ్ హ్యాట్ సంస్థను 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు కొనెను.

ప్రతిపక్షమున బలము లేకపోలేదు. పంచుకొను స్వేచ్ఛను ఇతరులు హరింపకుండ కాపాడు గ్నూ లైసెన్సే కాపీరైటుపై ఆధారపడియున్నది. ఒంటరిగా కూర్చుండి ఆటల ప్రోగ్రామును రచించి, ప్రతికింత యని అమ్ముకొనువానికి జీతమిచ్చు యజమానియు లేడు, సేవను కోరు సంస్థయు లేదు. అట్టివానికి కొన్నియేండ్లపాటు రక్ష యుండుట న్యాయమే.

కాని మన చట్టము ప్రోగ్రామును సాహిత్యకృతిగా ఎంచి, రచయిత గతించిన పిమ్మట 60 ఏండ్లవఱకును రక్షణ నిచ్చుచున్నది. కొలది యేండ్లలోనే పాతబడు ప్రోగ్రామునకు ఇంతటి కాలము ఎవ్వని జీవిక కొఱకు? శ్రమకు తగిన మూల్యము చెల్లించుట సమాజమునకు తప్పని ఋణము. ఆ ఋణమును తీర్చు మార్గములలో కాపీరైటు ఒకటి మాత్రమే, అవసరమైన మేరకే అది నిలువవలెను, ఆ మేర దాటినప్పుడు రచయిత ఆకలిని సాకుగా చూపి దానిని సమర్థించుట తగదు.