దారి బాకీ

దేశమంతా చుట్టి ఇల్లు చేరినవారు దారికి ఏమైనా బాకీ పడతారా? పెట్రోలుకు కట్టారు, టోల్ గేట్ల దగ్గర కట్టారు, తిన్న తిండికి కట్టారు. ఇంకేం మిగిలిందని ఎవరైనా అడగవచ్చు. మిగిలింది ఒకటి ఉందని మేమనుకుంటున్నాం. అదేమిటో మన యువతతో, తోటి ఉపాధ్యాయులతో కలిసి ఆలోచించాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

కారులో గుడారం, పొయ్యి, దుప్పట్లు వేసుకుని నెలల తరబడి దేశం తిరిగే యువ జంటలు ఇప్పుడు ఎక్కువయ్యారు. మన కొండలకూ వస్తున్నారు. చలికాలం వస్తే లంబసింగిలో, పాడేరు దగ్గర వంజంగిలో, అరకు లోయలో గుడారాలు వెలుస్తాయి. మన కుర్రాళ్లు కొందరు ఆ గుడారాలు వేస్తారు, కట్టెలు తెస్తారు, టీ కాస్తారు. బడి పిల్లలు మాత్రం మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు: "వీళ్లకు ఇల్లు లేదా మాస్టారూ?"

నవ్వి వదిలేసే ప్రశ్న కాదది. ఇల్లు ఉన్నవారే సరదాగా బయట పడుకోగలరు. గాజువాక వైపో, చెన్నై వైపో కట్టుబడి పనులకు వెళ్లిన మనవాళ్లు కూడా టార్పాలిన్ కిందే పడుకుంటారు. వాన రెండు చోట్లా ఒకలాగే కురుస్తుంది. కానీ ఒకరిది యాత్ర, ఇంకొకరిది వలస. తేడా పైన కప్పిన గుడ్డలో లేదు. ఎప్పుడు బయలుదేరాలో, ఎప్పుడు తిరిగి రావాలో తామే నిర్ణయించుకోగలిగితే అది యాత్ర. ఆ నిర్ణయం ఆకలి చేతిలోనో, మేస్త్రి చేతిలోనో ఉంటే అది వలస.

అలాగని యాత్ర తప్పని అనడం లేదు. ఇద్దరు పడుచువాళ్లు కలిసి లోకం చూడాలనుకోవడం మంచి కోరికే. వారి ఆనందం మీద మనకు కోపం ఎందుకు? ఆ ఆనందం ఎవరెవరి మీద ఆనుకుని నిలబడిందో వారికి తెలుసా అన్నదే మన ప్రశ్న.

ఉక్కునగరానికి చెందిన ఒక జంటను తలచుకుందాం. దేశం చుట్టి, ఆఖరి రాత్రి అరకులో గడిపి, తెల్లారి ఇంటికి బయలుదేరారు. అనంతగిరి ఘాట్ దిగి, శృంగవరపుకోట, కొత్తవలస దాటి, గాజువాక మీదుగా కూర్మన్నపాలెం చేరి, తమ క్వార్టరు ముందు కారు ఆపారు. వారి యాత్ర ముగిసింది. కానీ కొండ దిగినంతసేపూ వారికి దగ్గరలోనే ఇంకొక ప్రయాణం సాగింది. అది కొత్తవలస-కిరండోల్ రైలు మార్గం. జపానుకు ఇనుప ఖనిజం పంపడం కోసం 1960లలో కొండలు తొలిచి వేశారు. బస్తర్‌లో మన గోండు, మాడియా బంధువులు బతికే సీమలో బైలడిల్లా కొండలున్నాయి. అక్కడ తవ్విన రాయి ఆ పట్టాల మీదుగా విశాఖ ఓడరేవుకు చేరింది. తర్వాతి కాలంలో ఉక్కు కర్మాగారానికీ చేరింది. జంట ఇంటికి తిరిగి వచ్చింది. ఆ రాయి మాత్రం తన కొండకు తిరిగి వెళ్లదు.

ఇక వారు చేరిన ఉక్కునగరం సంగతి. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో జనం లేచారు. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. కర్మాగారం కోసం 64 గ్రామాల నేల పోయింది. రైతులు, మత్స్యకారులు, కూలీలు ఊళ్లు విడిచారు. నిర్వాసితులకు ఇచ్చిన ఆర్ కార్డు చేతపట్టుకుని ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవారు ఎందరో. ఆ కర్మాగారం వేల కుటుంబాలకు అన్నం పెట్టిన మాటా నిజమే. రెండూ నిజమే. 'ఇల్లు చేరాం' అని ఆ జంట ఊపిరి పీల్చుకున్న చోట ఒకప్పుడు మరొకరి పొయ్యి వెలిగింది. ఆ సంగతి తెలియకపోతే, దేశమంతా చూసి వచ్చినవారు తమ గుమ్మాన్నే చూడనట్టు.

తెలుగులో పేరున్న పాత యాత్ర ఏనుగుల వీరాస్వామయ్యది. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి పరివారంతో, గుడారాలతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఏ మజిలీలో ఏం దొరుకుతుందో, దారి ఎలా ఉందో, అక్కడి మనుషులు ఎలా బతుకుతున్నారో వివరంగా రాశారు. దాటిన ఊళ్లను పేరుతో గుర్తుంచుకోవడం కూడా బాకీ తీర్చడంలో ఒక భాగమే. ఆయన కాశీయాత్ర చరిత్ర ఇప్పటికీ చదువుతున్నాం. అదే దేశాన్ని పల్లకీ భుజాన వేసుకుని నడిచిన బోయీల పేర్లు మాత్రం ఇవాళ ఎవరూ చెప్పుకోరు.

మన రాజ్యాంగం 19వ అధికరణంలో దేశమంతా స్వేచ్ఛగా తిరిగే హక్కు ప్రతి పౌరుడికీ ఇచ్చింది. అదే అధికరణం అయిదో ఖండంలో, షెడ్యూల్డు తెగల ప్రయోజనాలను కాపాడటానికి ఆ హక్కు మీద సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని కూడా రాసింది. తిరిగేవాడి హక్కునూ, ఉండేవాడి రక్షణనూ పక్కపక్కనే పెట్టిన మాట అది. పిల్లలకు ఈ రెండు ముక్కలూ కలిపే చెప్పాలి. గుడారం ఒక రాత్రిది, పొద్దున్నే ఎత్తేస్తారు. రిసార్టు అలా కాదు. బినామీ పేర్లతో మన నేల చేతులు మారితే అది యాత్ర కాదు, ఆక్రమణ. 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం మనకున్నది అందుకే.

దారి బాకీ అనే ఆలోచన మనకు కొత్తది కాదు. చైత్రమాసంలో ఇటుకల పండగ రోజుల్లో మగవాళ్లు వేటకు వెళ్తే, ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్రో తాడో పెట్టి, పాడుతూ ఆడుతూ వచ్చేపోయేవారిని ఆపి నాలుగు డబ్బులు అడుగుతారు. కొత్తవాళ్లు దాన్ని అడుక్కోవడం అనుకుంటారు, కొందరు విసుక్కుంటారు. 'మా ఊరి మీదుగా వెళ్తున్నావు, మేమిక్కడ ఉన్నామని చూసి వెళ్లు' అన్నదే అందులోని మాట అని మాకు అనిపిస్తుంది. ఇచ్చేది పది రూపాయలైనా చాలు. కారు ఆగడం, అద్దం దిగడం, ముఖంలో ముఖం పెట్టి చూడటం అసలు చెల్లింపు. ఆ పేరు చెప్పి మనవాళ్లు బలవంతంగా వసూలు చేస్తే మర్యాద మనవైపు నుంచే చెడుతుంది. అదీ మన పిల్లలకు చెప్పాలి.

'టీకి డబ్బిస్తున్నాం కదా' అని యాత్రికుడు అనవచ్చు. టీకి ఇచ్చాడు. కొండ ఊటకు, రాత్రి నిశ్శబ్దానికి, జాకరమ్మ చోటుకు ధర లేదు. వాటికి చెల్లించే తీరు వేరు. గుడారం వేసేముందు ఊరిని అడగాలి. తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి తీసుకుపోవాలి. ఫోటో తీసేముందు ఆ మనిషి పేరు అడగాలి.

మన యువతకు ఒక మాట. మీరూ బయలుదేరండి. కూలికే కాదు, చూడటానికి కూడా. దేశం చుట్టే హక్కు కారున్నవారిది మాత్రమే కాదు. బస్సులోనో రైల్లోనో వెళ్లినా, వెళ్లిన చోట ఇదే బాకీ మీ మీదా పడుతుంది. ఉపాధ్యాయులకూ ఒక పని ఉంది. బైలడిల్లా నుంచి ఉక్కునగరం దాకా ఇనుప రాయి నడిచే దారిని పిల్లలతో గీయించండి, పక్కన ఊళ్ల పేర్లు రాయించండి. ఆ పటం గీసిన పిల్లవాడు రేపు యాత్ర ముగించి వచ్చినప్పుడు, ఎన్ని కిలోమీటర్లు తిరిగాడో చెప్పేముందు ఎవరి నేల మీద పడుకున్నాడో చెబుతాడు.