చూచుటకు పోవువారి ధర్మము

సెలవులు సమీపించినంతనే విద్యావంతుల కుటుంబములలో ప్రయాణపు మాటలు మొదలగును. ఒకరు దూరములు లెక్కించుదురు. ఒకరు బసలు విచారించుదురు. పిల్లలు జలపాతము కావలెనందురు. పెద్దలు దేవాలయము విడువరాదందురు. కొండలు, జలాశయములు, పాత పట్టణములు మూడును ఒక్క త్రోవలో దొరకవలెనన్నచో మన ఉత్తర తెలంగాణమువంటి సీమ అరుదు. కరీంనగరమున బయలుదేరి, మానేటి జలాశయమును, ఎలగందుల కోటను చూచి, జగిత్యాల, ధర్మపురుల మీదుగా గోదావరి దాటి నిర్మలు చేరవచ్చును. మఱునాడు మహబూబు ఘాటు నెక్కి కుంటాల జలపాతమును, కేస్లాపూరు నాగోబా గుడిని దర్శింపవచ్చును. మూడవనాడు ఉట్నూరు, జోడెఘాటు, ఆసిఫాబాదుల మీదుగా మంచిర్యాలకు దిగి ఇల్లు చేరవచ్చును. కారున్నవారికి మూడు దినములు చాలును.

ఇట్టి ప్రణాళిక కేవలము కాలమునకును ధనమునకును సంబంధించిన విషయమని మన మందఱము తలంతుము. అది ధర్మమునకు సంబంధించిన విషయము కూడ నని నా మనవి. ఏది చూడదగినది, ఏది దారిలో దాటిపోదగినది యని ఇంట కూర్చుండి మనము నిర్ణయించునప్పుడు, ఎవరిని లెక్కలోనికి తీసికొందుము, ఎవరిని విడుతుము అనునదియు అప్పుడే నిర్ణయమగుచున్నది. వినోదముకొఱకు పరుల సీమలో అడుగిడువాడు ఆ సీమవారికి ఏమైనను ఋణపడునా? ఋణపడినచో దాని నెట్లు తీర్చవలెను? ఈ ప్రశ్నను పైని చెప్పిన త్రోవవెంటనే విచారింతము.

మొదట నీటిని చూతము. కరీంనగరము చెంత దిగువ మానేరు జలాశయము 1985లో పూర్తియైనది. సాయంకాలమున కట్టమీద నిలిచి చూచువారికి అది సముద్రమువలె తోచును. అది పొలములను తడుపుచున్నది. పట్టణమునకు త్రాగునీ రిచ్చుచున్నది. ఎగువను సిరిసిల్ల త్రోవలో మాన్వాడయొద్ద మధ్య మానేరు జలాశయము కలదు. ఆ నీటిక్రింద చీర్లవంచ, చింతలఠాణా, వరదవెల్లి మొదలగు గ్రామముల ఇండ్లును పొలములును మునిగిపోయినవి. ఆ యూళ్ళవారు పునరావాసపు కాలనీలలో కాపురములు పెట్టిరి. పొలము పోయినవానికి పరిహారము లభింపవచ్చును. కాని పెండ్లికి మ్రొక్కిన వేపచెట్టును, తాతను పూడ్చిన చోటును ఎవ్వరును కొలిచి ఇయ్యజాలరు.

అట్లయిన ఆ నీటిని చూచి సంతసింపరాదా? అట్లనుట మూర్ఖత్వము. ఆ నీరు లేనిచో ఎన్నియో పొలములు ఎండును. సంతసించుట దోషము కాదు. అది దేవు డిచ్చిన సరస్సని పిల్లలకు చెప్పి పడవ ఎక్కించి తీసికొని వచ్చుట దోషము. అది మనుష్యులు కట్టినది. కొందఱు మనుష్యులు ఇండ్లు విడిచి ఇచ్చినది. ఆ మాట తెలిసిన బాలునికి జలాశయము చిన్నది కాదు. మఱింత గొప్పదిగా కనబడును.

ఇక పట్టణములు. ఎలగందుల ఒకప్పుడు జిల్లాకు ముఖ్యపట్టణము. 1905లో ఆ గౌరవము కరీంనగరమునకు పోయినది. కొండమీది కోటయు, కదలించిన ఊగునని చెప్పు జంట మినారులును, క్రింద పల్లెయు మిగిలినవి. జగిత్యాలలో 18వ శతాబ్దమున ఫ్రెంచివారి సాయముతో కట్టబడిన నక్షత్రాకారపు కోట కలదు. ఈ కోటలముందు నిలిచినపుడు మనకు ఏలినవారి పేర్లు చెప్పువారు దొరకుదురు. రాళ్ళు మోసినవారి పేర్లు చెప్పువారు దొరకరు. చరిత్ర అనునది ఏలినవారి యాస్తి యని మన పిల్లలు తలంచుటకు ఇట్టి సందర్శనములే కొంత కారణము.

నిర్మలులో ఈ సంగతి మఱింత స్పష్టముగా తెలియును. అచ్చటి బొమ్మలు దేశమెల్ల ప్రసిద్ధము. పొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల జిగురును రంపపు పొట్టును కలిపి అతికి, రంగులు దిద్ది చేయుదురు. తేలిక కఱ్ఱయే కాని పని తేలిక కాదు. బసకును భోజనమునకును అడిగినంత ఇచ్చి, ఒక పండ్లబుట్ట బొమ్మయొద్ద పది రూపాయలకై అరగంట బేరమాడుట మనలో పెక్కురకు అలవాటు. ఆ పట్టణముననే 1860లో రాంజీ గోండు ఉరితీయబడెను. ఆయనతోడివారిని వేయిమందిని ఒకే మఱ్ఱికి ఉరితీసిరని జనులు చెప్పుకొందురు. ఆ చెట్టుకు వేయి ఉరుల మఱ్ఱి యని పేరు నిలిచినది. బొమ్మలు కొని ఆ కథ అడుగక పోవువాడు నిర్మలులో సగమే చూచినవాడు.

నిర్మలు దాటినపిమ్మట త్రోవ కొండలెక్కును. వానకాలము వెళ్ళిన దినములలో ఘాటు రెండువైపుల టేకుచెట్లు పూచియుండును. నేరడిగొండ చెంత కడెము ఏఱు నూటనలుబది అడుగులకు మించిన ఎత్తునుండి దుమికి కుంటాల జలపాత మగుచున్నది. ఆ నీరే ముందుకు సాగి కడెము జలాశయమున చేరును. 1958లో వరద ఆ కట్టను తెంచినది. 2022 జూలైలో మఱల కట్టమీదికి వచ్చినంత పని చేయగా దిగువ గ్రామములవారిని రాత్రికి రాత్రి ఇండ్లు విడిపించిరి. మనము బండపై కూర్చుండి చల్లని తుంపరలకు మురియు ఆ ఏఱే దిగువవానికి నిద్రపట్టనీయని ఏఱు. ఒకే నీరు ఒకనికి వేడుక, ఒకనికి బ్రతుకు. వేడుకకు వచ్చినవాడు ఎంగిలి విస్తళ్ళను, ప్లాస్టికు సీసాలను ఆ నీటిలో విడిచిపోవుట కేవలము అశుభ్రత కాదు. అది బ్రతుకుచున్నవాని నీటి పాత్రలో ఉమియుట.

ఇంద్రవెల్లి మండలమున కేస్లాపూరు కలదు. పుష్య అమావాస్యనాడు అచ్చట మెస్రం వంశపు గోండులు నాగోబాకు మహాపూజ చేయుదురు. ఆ పూజకై వారు చేయు ప్రయాణమును మన ప్రయాణముతో పోల్చి చూడుడు. మొదట పెద్దలు కూడి దినములను, మజిలీలను నిశ్చయింతురు. సిరికొండ కుమ్మరులు తరతరములుగా ఆ పూజకు కుండలు చేసి ఇచ్చుచున్నారు. పిమ్మట వంశపువారు కాలినడకన అడవులగుండ, పల్లెల మీదుగా జన్నారము చెంతగల హస్తినమడుగునకు పోయి, గోదావరి జలమును ఇత్తడి ఝరిలో నింపి తెచ్చి దేవుని అభిషేకింతురు. వంశములోనికి వచ్చిన క్రొత్తకోడండ్రను ఆ సమయముననే దేవునకు పరిచయము చేయుదురు. వారు దాటునవియు ఆ కొండలే, ఆ ఏళ్ళే, ఆ పల్లెలే. కాని ఆ త్రోవలో వారికి పరాయివాడు లేడు. ఏ యూర ఎవరు బసయిత్తురో, ఏ కుండ ఎవరు చేసిరో, ఏ నీరు ఎచ్చటిదో వారెఱుగుదురు. మన ప్రణాళికలో దూరములు సరిగా నుండును. వారి ప్రణాళికలో సంబంధములు సరిగా నుండును.

ఆ జాతరకు మనవంటివారును వేలుగా పోవుచున్నారు. పోవుట తప్పు కాదు. పూజలో మునిగిన స్త్రీల ముఖములముందు సెల్లుఫోనులు చాచి అనుమతి యడుగక ఫొటోలు తీయుట తప్పు. మన పెరటిలో పెండ్లి జరుగుచుండగా ఎవడో వచ్చి మన ఆడుబిడ్డల నట్లు తీసిన మన మోర్తుమా?

ఆ కొండలలో ఇంకను రెండు తావులు కలవు. వీనిని పర్యాటకుల పట్టికలలో పెక్కుమారులు కడపట వ్రాయుదురు. జోడెఘాటులో 1940లో కుమ్రం భీము నిజాము ప్రభుత్వపు బలగముల కాల్పులలో మడిసెను. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిలు 20న భూమిహక్కులకై సభకు వచ్చిన ఆదివాసులపై పోలీసులు కాల్పులు జరిపిరి. మృతులు 13 మందియని ప్రభుత్వము చెప్పెను. అంతకు మిక్కిలి ఎక్కువయని ఆ ప్రాంతమువారు నేటికిని చెప్పుచున్నారు. భీము పేరుతో ముడివడిన నినాదము జల్, జంగల్, జమీన్ అనునది. నీరు, అడవి, నేల. మన విహారమునకు కావలసినవియు ఆ మూడే కదా! వారు బ్రదుకుటకై అడిగి ప్రాణములిచ్చిన దానిని మనము చూచుటకై అడుగుచున్నాము. ఈ భేదము తెలిసికొని చూచుటకును, తెలియక చూచుటకును ఎంతో దూరము కలదు.

భీము మరణానంతరము గోండుల స్థితిని పరిశీలించుటకు నిజాము ప్రభుత్వము ఆస్ట్రియా దేశీయుడగు హైమన్‌డార్ఫును నియమించెను. ఆయనయు భార్య బెట్టీయు జైనూరు చెంతగల మార్లవాయి గ్రామమున గుడిసె వేసికొని నివసించిరి. 1943లో అచ్చట ఆదివాసి ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసినది. గోండిభాషలో వాచకములు వచ్చినవి. జాతరలో అధికారులు వచ్చి ప్రజల మొఱలు వినుటకు దర్బారు ఏర్పడినది. ఆ దంపతుల సమాధులు నేటికిని మార్లవాయిలో కలవు. ఆయన ప్రభుత్వము పంపగా వచ్చినవాడే. కాని చూచుటతో ఊరకుండలేదు. అందఱమును గుడిసెలు వేసికొని ఉండిపోజాలము. ఉండవలెననియు నేను చెప్పను. చూపు ఋణమును తెచ్చుననియు, ఋణము తీర్చు మార్గములు కలవనియు ఆ సమాధులు తెలుపుచున్నవి.

ఇచ్చట కొంద ఱొక ఆక్షేపణ చేయుదురు. “ఏడాది పొడుగున చాకిరిచేసి మూడు దినములు సేదదీరుటకు పోవువారిపై ఈ భార మేల? మునిగిన ఊళ్ళు, ఉరులు, కాల్పులు తలంచుకొనుటకా ప్రయాణము?” అని. ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. విశ్రాంతి మనుష్యునికి హక్కు. కాని విశ్రాంతి యెవరికి దొరకుచున్నదో మొదట మన కారులోనే చూచుకొందము. తెల్లవారక మునుపే లేచి పులిహోర కలిపి, పిల్లల బట్టలు సర్ది, ముసలివారి మందులు మూటగట్టిన గృహిణి జలపాతముయొద్ద ఏమి చేయుచున్నది? విస్తళ్ళు పఱచుచున్నది, వడ్డించుచున్నది, తడిసిన బిడ్డను తుడుచుచున్నది. త్రోవ నిర్ణయించునప్పుడు ఆమె నెవ్వరును అడుగలేదు. ఇంటి వంటయిల్లే కుంటాలకు పోయినది; ఆమెకు మాఱినది పొయ్యి చోటు మాత్రమే.

ఈ రెండు విషయములును వేఱు కావు. తనతో వచ్చినవారి శ్రమను చూడనేర్వని కన్ను మునిగిన ఊరివాని త్యాగమును చూడజాలదు. ఎవరి కష్టముమీద మన సుఖము నిలిచియున్నదో వారిని కానకుండుట ఒకే యలవాటు. అది ఇంట పుట్టి త్రోవలో పెరుగును. కావున యాత్రాధర్మము గడప దాటకమునుపే మొదలగును. గృహిణిని కూర్చుండబెట్టి ఆమె యేది చూడగోరునో అడుగవలెను. ఆమె పని పంచుకొనవలెను. త్రోవలో పూటకూటి యింట భుజించుట ఆమెకు సుఖమైనచో మడి యాచారముల పేర అడ్డుపడరాదు. ఆమెకును మూడు దినములు సెలవే కావలెను.

ఇక ప్రణాళిక మాట. పదిచోట్లు పెట్టుకొనినవారు ఐదే పెట్టుకొనవలెను. మిగిలిన కాలమును ఏ పేరును వ్రాయక ఖాళీగా ఉంచవలెను. దారిలో టీ కాచువాడు, పడవ నడుపువాడు, బొమ్మ చెక్కువాడు మాటాడుటకు ఆ కాలము పనికివచ్చును. ప్రతిచోట పిల్లలచేత ఒక్క ప్రశ్న అడిగింపవలెను: ఇచ్చట మునుపెవ రుండిరి, ఇప్పు డెట్లున్నారు? వస్తువుకు తగిన వెల ఇయ్యవలెను. అనుమతి లేక ఎవ్వరి ముఖమును తీయరాదు. తెచ్చిన చెత్తను తిరిగి తీసికొని పోవవలెను. ఇవి గొప్ప త్యాగములు కావు. వీనివలన మునిగిన పొలము తేలదు, మడిసినవారు లేవరు. అయినను ఆ సీమవారు మనలను చూచి, వీరు వచ్చిరి, చూచిరి, మమ్మును కూడ చూచిరి అనుకొందురు.

ఆ మాటకు తగినట్లు నడచుకొనువారు మూడు దినములు ఏల, ముప్పది దినములు తిరుగుదురు గాక. అట్టివారికి ఆ కొండలు ఎన్నడును తలుపులు మూయవు.