అద్దె ఇల్లు, ఆశ్రయ ధర్మం

బతుకుతెరువు వెతుక్కుంటూ కొత్త నగరానికి వచ్చిన మనిషి ఇల్లు వెతికేటప్పుడు ముందుగా చూసుకునేవి రెండు: అద్దె తన సంపాదనకు తూగుతుందా, రాత్రివేళ ఇంటికి చేరే దారి భద్రంగా ఉంటుందా. ఈ రెండింటికీ జవాబు చాలావరకు అతనికి పరిచయం లేనివారి చేతుల్లోనే ఉంటుంది. ఇల్లు చూపించే యజమాని, పక్క వాటాలో కాపురముండే కుటుంబం, వీధి చివరి కిరాణా కొట్టువారు అతన్ని ఎలా స్వీకరిస్తారన్న దాన్నిబట్టే అతని నివాసం కుదురుకోవడమో చెదిరిపోవడమో జరుగుతుంది. కాబట్టి అద్దె ఇంటి అన్వేషణను కేవలం డబ్బు వ్యవహారంగా చూస్తే అందులోని ధర్మ ప్రశ్న మరుగున పడిపోతుంది. ఒకచోట ముందే స్థిరపడినవారికి తరవాత వచ్చినవారి పట్ల ఉండే కర్తవ్యం ఏమిటి, ఆ కర్తవ్యం నెల నెలా అద్దె పుచ్చుకోవడంతో తీరిపోతుందా అన్నదే ఆ ప్రశ్న.

ఈ ప్రశ్నకు భారతీయ సంప్రదాయంలో దొరికే ప్రాచీన సమాధానాలలో ఒకటి కృష్ణ యజుర్వేదానికి చెందిన తైత్తిరీయోపనిషత్తులో ఉంది. దాని మొదటి భాగమైన శిక్షావల్లి, చదువు ముగించుకుని గురువును విడిచి వెళ్లే శిష్యుడికి తల్లితండ్రులను, ఆచార్యుడిని భావించినట్టే అతిథిని కూడా దైవంగా భావించమని బోధిస్తుంది. ఈ బోధ అందరికీ తెలిసినదే కాగా, అంతగా ప్రచారంలో లేని మరో నియమం మూడో భాగమైన భృగువల్లి చివర కనిపిస్తుంది. భృగువు తన తండ్రి వరుణుడి ఉపదేశంతో తపస్సు చేసి, అన్నం, ప్రాణం, మనస్సు, విజ్ఞానం అనే మెట్లు ఒక్కొక్కటే దాటి ఆనందమే బ్రహ్మమని గ్రహించిన తరవాత, ఉపనిషత్తు కొన్ని వ్రతాలను వరసగా చెబుతుంది. అన్నాన్ని నిందించరాదని, కాదని తోసివేయరాదని, సమృద్ధిగా సమకూర్చుకోవాలని చెప్పి, ఆ వెంటనే బస కోరి వచ్చిన ఎవ్వరినీ కాదనరాదని శాసిస్తుంది. వ్రతమంటే మనసు కరిగినప్పుడు చేసే ఉపకారం కాదు, ఇష్టాయిష్టాలతో పని లేకుండా తప్పక పాటించవలసిన నియమం. తత్త్వ విచారమంతా ముగిశాక తిండి గురించీ బస గురించీ ఇంత కచ్చితంగా మాట్లాడటంలో ఆ ఋషుల ఉద్దేశం స్పష్టంగా ఉంది: గుమ్మం ముందు నిలబడిన మనిషి విషయంలో ఆచరణకు రాని జ్ఞానం వారి దృష్టిలో పూర్తయిన జ్ఞానం కాదు.

అయితే ఇంత విశాలమైన ఆదర్శం ఆచారంగా మారే క్రమంలో దానికి హద్దులు ఏర్పడ్డాయి. మనుస్మృతి మూడో అధ్యాయం ఒక్క రాత్రి ఉండి వెళ్లేవాడినే అతిథి అని నిర్వచించి, ఆ గౌరవాన్ని కూడా వర్ణాన్ని బట్టి కుదించి, బ్రాహ్మణుడి ఇంటికి వచ్చిన క్షత్రియ, వైశ్య, శూద్రులను అతిథుల లెక్కలో చేర్చలేదు. మరోవైపు కౌటిల్యుని అర్థశాస్త్రం మూడో అధికరణంలో అద్దె ఇంటి తగాదాల ప్రస్తావన ఉంది. అద్దె చెల్లిస్తున్నవాడిని వెళ్లగొట్టే యజమానికీ, ఖాళీ చేయమన్నా కదలని అద్దెదారుకూ ఆ గ్రంథం దండన విధిస్తూ, దౌర్జన్యం, దొంగతనం వంటివి జరిగిన సందర్భాలకు మాత్రం మినహాయింపు ఇస్తుంది. ఆ మినహాయింపులన్నీ అద్దెదారు నడవడికి సంబంధించినవే గాని పుట్టుకకు సంబంధించినవి కావన్నది గమనించవలసిన విషయం. ఈ విధంగా ఉపనిషత్తు చెప్పిన ఆశ్రయ వ్రతం స్మృతికారుల చేతిలో ఒక రాత్రికీ కొన్ని వర్ణాలకూ పరిమితం కాగా, సంవత్సరాల తరబడి ఉండే అద్దెదారు సంగతి అర్థశాస్త్రంలో ఒప్పందానికీ రాజదండనకూ సంబంధించిన వ్యవహారంగా మిగిలింది.

నేటి నగరవాసి ఈ రెండింటి నడుమ ఉన్నాడు. హైదరాబాదునే తీసుకుంటే, పోటీ పరీక్షల శిక్షణ కోసం అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు చేరే యువతీయువకులు, ఉద్యోగం దొరికాక మాదాపూర్, గచ్చిబౌలి దగ్గర అద్దెలు భరించలేక కూకట్‌పల్లి వైపో మియాపూర్ వైపో చిన్న వాటా వెతుక్కుంటారు. అడ్వాన్సు ఎంత, మెయింటెనెన్స్ ఎంత, ఎండాకాలంలో బోరు నీళ్లు వస్తాయా, ట్యాంకరు తెప్పించుకోవాలా, మెట్రో స్టేషను నుంచి ఇంటిదాకా వీధి దీపాలు వెలుగుతాయా అని వారు అడగడం న్యాయమే. తన ఇంటికి వచ్చేవారు సకాలంలో అద్దె కడతారా, ఇల్లు పాడుచేయకుండా ఉంటారా అని యజమాని అడగడమూ న్యాయమే. చిక్కు ఆ తరవాతి ప్రశ్నల దగ్గర మొదలవుతుంది. ఇంటిపేరు ఏమిటి, మీరెవరు, మాంసం వండుతారా అన్న ప్రశ్నలు పైకి మర్యాదగానే వినిపించినా వాటి లోపలి ఉద్దేశం కులాన్నో మతాన్నో రాబట్టడమేనని అడిగేవారికీ తెలుసు, జవాబు చెప్పేవారికీ తెలుసు. ఆ జవాబు నచ్చకపోతే యజమాని ఇల్లివ్వనని చెప్పడు, నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్లారంటాడు.

ఈ తిరస్కారం మనిషిని ఏం చేస్తుందో తెలుసుకోవడానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ స్వయంగా రాసిపెట్టిన బరోడా అనుభవాన్ని మించిన సాక్ష్యం అక్కరలేదు. బరోడా సంస్థానం ఇచ్చిన సాయంతో విదేశాల్లో చదువుకున్న ఆయన, ఆ సంస్థానంలోనే ఉద్యోగం చేయడానికి 1917లో అక్కడికి వెళితే, నగరంలో బస దొరకలేదు. పార్సీల కోసం నడిచే ఒక సత్రంలో, రిజిస్టరులో పార్సీ పేరు రాయించి, డబ్బు చెల్లించి, పాత సామాను నిండిన హాలు పక్కన, కాపలాదారు తెచ్చిపెట్టే లాంతరు వెలుగులో ఆయన కొన్ని రోజులు గడిపారు. నిజం తెలిసిన పార్సీలు కొందరు కర్రలతో వచ్చి వెంటనే ఖాళీ చేయమన్నారు. ఆశ్రయం కోరితే హిందూ మిత్రుడు తన ఇంటి పనివారు వెళ్లిపోతారన్నాడు, క్రైస్తవ మిత్రుడు భార్యను అడిగి చెబుతానన్నాడు. చివరికి ఆయన కమాటీ బాగ్ తోటలో పొద్దుపోయేదాకా కూర్చుని, రాత్రి బండికి బొంబాయి వెళ్లిపోయారు. ఒకే రోజు మూడు మతాల తలుపులు మూసుకున్న ఈ ఉదంతంలో లోపం ఏ ఒక్క మతానిదీ కాదు. ఆశ్రయమనేది తనవారికే చెందుతుందని ప్రతి సమూహమూ అనుకున్నప్పుడు, ఎవరికీ తనవాడు కానివాడికి అంత పెద్ద నగరంలోనూ చోటుండదు.

చట్టం ఈ లోటును కొంతవరకే పూడుస్తుంది. దేశంలో ఎక్కడైనా నివసించే, స్థిరపడే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం పౌరులందరికీ ఇచ్చింది. దుకాణాలు, హోటళ్ల వంటి చోట్ల కుల, మత వివక్షను 15వ అధికరణం నిషేధించినా, ఆ జాబితాలో సొంత ఇంటిని అద్దెకివ్వడం పేరెత్తి చెప్పలేదు. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం, నివాస గృహాలకు డిపాజిట్ రెండు నెలల అద్దెకు మించరాదని సూచించింది గాని రాష్ట్రాలు ఆమోదిస్తేనే అది అమలవుతుంది. జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1795లో శాశ్వత శాంతి గురించి రాసిన గ్రంథంలో, భూమి ఉపరితలం మనుషులందరికీ ఉమ్మడి గనుక పరాయి నేలకు వచ్చినవాడిని శత్రువులా చూడరాదన్నది దయ కాదని, హక్కు అని వాదించాడు. అయినా ఆ హక్కును వచ్చి వెళ్లడానికే పరిమితం చేసి, అక్కడే ఉండిపోవడానికి ప్రత్యేక ఒప్పందం అవసరమన్నాడు. హక్కు గుమ్మం దాకా తీసుకువెళ్లగలదు, లోపలికి పిలవవలసింది మాత్రం ఇంటివారే.

భద్రత కోసమే ఇలా వడపోస్తున్నామన్న యజమానుల వాదనను తేలికగా కొట్టిపారేయకూడదు, ఎందుకంటే ఆడపిల్లలున్న ఇంట్లో, వృద్ధులు ఒంటరిగా ఉండే ఇంట్లో భయం నిజమైనదే. కాని ఆ భయానికి మందు నడవడిని విచారించడంలో ఉంది. పాత యజమానిని వాకబు చేయడం, పనిచేసే చోటు కనుక్కోవడం, షరతులన్నీ రాతపూర్వకంగా ఒప్పందంలో పెట్టుకోవడం వంటివి అందుకు చాలు. కులం అడిగి ఇల్లిచ్చినవాడికి అద్దెదారు పుట్టుక తెలుస్తుంది గాని, స్వభావం తెలియదు. వీధికి భద్రత నిజానికి పొరుగువారి పరస్పర ఎరుక వల్ల వస్తుంది. దగ్గరి పొరుగువారితోపాటు పరాయి పొరుగువారికీ మేలు చేయమని ఖురాన్ నాలుగో అధ్యాయం ఆదేశించడంలోనూ, తామూ ఒకప్పుడు ఈజిప్టులో పరదేశులమేనని గుర్తుంచుకుని పరదేశిని ప్రేమించమని బైబిలులోని లేవీయకాండం చెప్పడంలోనూ ఈ వివేకమే ఉంది. అద్దెదారుకూ ఇందులో వాటా ఉంది: ఇంటిని తనదిగా కాపాడటం, చుట్టుపక్కలవారి నిద్రకూ నెమ్మదికీ భంగం కలగకుండా మసలుకోవడం అతని ధర్మం.

అద్దె గదికి వెల మాత్రమే, మనిషిని మనిషిగా స్వీకరించవలసిన బాధ్యతను అది తీర్చదు. హైదరాబాదులో ఇవాళ ఇంటి యజమానులైన వారిలో ఎందరో ఒకటి రెండు తరాల కిందట పల్లెల నుంచి వచ్చి, ఎవరో ఒకరు నమ్మి తాళంచెవి చేతికివ్వడం వల్లనే నిలదొక్కుకున్నారు. టు లెట్ బోర్డు చూసి వచ్చినవారిని ఉద్యోగం అడగండి, నడవడి విచారించండి, ఒప్పందం రాయించుకోండి. కులమూ మతమూ మాత్రం అడగకండి.