ఆటలో చేసిన కీడు కీడేనా?



టీవీకి తగిలించి ఆడుకొను వీడియో గేములు ఇప్పుడు మన పల్లెలకు క్రొత్త కాదు. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగము చేయు కుమారుడు సెలవులకు వచ్చునప్పుడు తన బట్టల సంచితోకూడ ఆ యంత్రమును తెచ్చును. ఇంటి పిల్లలందరు దాని చుట్టు చేరుదురు. తెరమీద కత్తులు, తుపాకులు, రక్తము చూచి తాతగారు, “ఒరేయ్, అంతమందిని చంపుతున్నావు, నీకు పాపభయం లేదట్రా?” అని కేకవేయుదురు. మనుమడు తల త్రిప్పకయే, “ఊరుకో తాతా, ఇది ఉత్త ఆటే గదా” అనును.

ఈ ఇద్దరిలో ఎవరి మాట సత్యము? ఇది చిన్న ప్రశ్నవలె కనబడును గాని చిన్నది కాదు. చేతితో చేసినదే కీడా, లేక మనస్సులో జరిగినదియు కీడా అను పెద్ద ప్రశ్న దీనిలో ఇమిడియున్నది.

ఈ సంగతిని నేను ఇతరులు చెప్పగా విని వ్రాయుటలేదు. 1990ల ప్రాంతమున, నేను బాలుడనై యుండగా, క్యాసెట్టు పెట్టి ఆడు చిన్న యంత్రములు మన ప్రాంతమునకు వచ్చినవి. మారియో, కాంట్రా అను ఆటలు అప్పటి పిల్లలందరికి తెలియును. క్యాసెట్టు అట్టమీద వేలకొలది ఆటలున్నవని అంకె వేసియుండెడిది. పెట్టి చూడగా అవే కొద్ది ఆటలు పేర్లు మార్చుకొని మరల మరల వచ్చుచుండెను. పిమ్మట ప్లేస్టేషన్ మొదలైన పెద్ద యంత్రములు వచ్చినవి. ఒక్కొక్క ఆట ముగించిన తరువాత దాని మంచిచెడ్డలను ఒక నోటుపుస్తకములో వ్రాసికొని, అడిగిన యౌవనస్థులకు చెప్పుట నాకు అలవాటు. ఇందుకు ఎవరును జీతమియ్యరు, ఇష్టముచేతనే చేయుచున్నాను. అట్లు వ్రాయుటలో నాకు తోచిన విషయములనే ఇక్కడ చెప్పుచున్నాను.

మొదట మనుమని పక్షము విందము. మన పెద్దలు అరుగులమీద గీతలు గీసి పులిజూదము ఆడిరి. అందులో పులి మేకను తినును. మేకలు పులిని కట్టివేయును. ఆ ఆట ఆడినవానిని ఎవరును క్రూరుడనలేదు. వీధినాటకములో దుర్యోధనుని వేషము కట్టినవాడు దుర్మార్గుడు కాడు. వేషము విప్పి తెల్లవారగానే పొలమునకు పోవును. ఆట ఒక గీత గీసికొనును. ఆ గీతలోపల చంపుట చంపుట కాదు, ఓడుట నష్టము కాదు. ఇంతవరకు మనుమని మాట న్యాయమైనదే.

అమెరికా దేశములో ఈ వాదము చాలకాలము సాగెను. 1992లో వచ్చిన మోర్టల్ కాంబాట్ అను పోరాటపు ఆటలోని రక్తపాతమును చూచి తలిదండ్రులు కలతచెందిరి. 1993 డిసెంబరులో ఆ దేశపు సెనేటులో విచారణ జరిగెను. దాని ఫలితముగా 1994 నుండి ఆట డబ్బామీద ఏ వయస్సువారికి తగినదో తెలుపు గుర్తు వేయు పద్ధతి ఏర్పడెను. కాలిఫోర్నియా రాష్ట్రము హింసగల ఆటలను పిల్లలకు అమ్మకూడదని చట్టము చేయగా, 2011లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ చట్టమును కొట్టివేసెను. ఈ ఆటలు పిల్లలను హింసకు పురికొల్పునని ఎదుట పెట్టబడిన పరిశోధనలు ఋజువు చేయలేదనియు, పుస్తకములకున్న స్వేచ్ఛయే ఆటలకును కలదనియు తీర్పు చెప్పెను. కాబట్టి తెరమీద కత్తి ఝళిపించిన పిల్లవాడు రేపు ఊరిలో కత్తి పట్టునని భయపెట్టుట మనకు తగదు.

అయితే విషయము అంతటితో ముగిసినదా? లేదు.

2005లో ప్లేస్టేషన్ 2 యంత్రమునకు షాడో ఆఫ్ ది కొలోసస్ అను ఆట వచ్చెను. ఫుమిటో ఉయెడా అను జపానువాడు దానిని రూపొందించెను. కథ చిన్నది. చనిపోయిన యొక బాలికను బ్రదికించుకొనుటకు ఒక యువకుడు గుఱ్ఱముమీద నిర్జనదేశమునకు వచ్చును. అక్కడి 16 మహాకాయములను చంపినయెడల ఆమె లేచునేమో అని ఒక స్వరము చెప్పును. ఆ ఆటలో చంపవలసిన చిన్న శత్రువులెవ్వరును లేరు. ఖాళీ మైదానములు, గాలి, ఆ పదునారు ప్రాణులు, అంతే. వాటిలో పదమూడవది ఎడారిమీద ఆకాశములో ఈదుచున్నట్లు ఎగురును. అది యువకునిమీద ఒక్కసారియైనను దాడి చేయదు. బాణములతో కొట్టి దానిని క్రిందికి దింపి, పైకెక్కి పొడవవలెను. పడిపోయినప్పుడు జయధ్వని వినబడదు; దుఃఖరాగము వినబడును. ఒక్కొక్క హత్యతో ఆ యువకుని దేహమును కళతప్పి మాసిపోవుచుండును.

ఆ పదమూడవ దానిని పడగొట్టిన రాత్రి నా మనస్సు బరువెక్కెను. ఎందుకు? ఏ ప్రాణియు చావలేదు. అద్దముమీద వెలుగు కదలెను, అంతే. అయినను ఆ దుఃఖము అబద్ధము కాదు.

నాతాను ప్రవక్త దావీదునకు చెప్పిన కథను జ్ఞాపకము చేసికొనుడి. బీదవాని గొఱ్ఱెపిల్ల నిజముగా ఎక్కడను లేదు. దానిని పట్టుకొనిపోయిన ధనవంతుడును లేడు. కాని దావీదు కోపము నిజమైనది. లేని మనుష్యునిమీద తీర్చిన ఆ తీర్పే తిరిగి అతనిమీదికి వచ్చెను. కథ కల్పితమైనను దానిని విన్న హృదయము కల్పితము కాదు. ఆట విషయమును అట్టిదే.

ఇక్కడ ఒకరు అడుగవచ్చును: “అట్లయితే కాంట్రాలో వందలమందిని కాల్చి ఏ బాధయు పడని మీ హృదయము మొద్దుబారినదా?” నాకు అట్లు తోచదు. పులిజూదములో మేకపోయినప్పుడు ఎవరు ఏడ్తురు? ఆ ఆటలు మన హృదయమును అడుగలేదు. చేతి చురుకుదనమును, కంటి చూపును మాత్రమే అడిగినవి. అక్కడ మన సంతోషము గుఱి తప్పకుండుటయందే యున్నది. ఎదుటివాని వేదనను విపులముగా చూపి, దానిని చూచి నవ్వుమని ఆట పిలుచునప్పుడు సంగతి మారును. ఆ పిలుపునకు మనము నవ్వినయెడల ఎవరికిని గాయము కాకపోవచ్చును గాని, ఆ నవ్వు మనదే.

అండర్‌టేల్ అను మరియొక ఆట కలదు. టోబీ ఫాక్స్ అనునతడు 2015లో దీనిని వెలువరించెను. 2017లో ప్లేస్టేషన్‌కు, 2018లో నింటెండో స్విచ్‌కు వచ్చెను. అందులో ఎదురుపడు ఏ ప్రాణినైనను చంపకయే విడిచిపెట్టి దాటవచ్చును. మొదట ఒక తల్లివంటి స్త్రీ మనలను ఆదరించి, పిమ్మట మన క్షేమము కొరకే దారికి అడ్డము నిలుచును. అనేకులు తొందరపడి ఆమెను చంపుదురు. పశ్చాత్తాపపడి ఆటను వెనుకకు త్రిప్పి, ఆమెను బ్రదుకనిత్తురు. అప్పుడు ముఖముగల యొక పువ్వు ఎదురుపడి, నీవు ముందు చేసినది నాకు తెలియును అను భావముతో మాటలాడును. ఇతర ఆటలలో వెనుకకు మరలుట అంతయు తుడిచివేయును. ఈ ఆటలో తుడిచిన మరకయు కనబడును.

ఆ ఆటలో అందరిని వెదకి వెదకి చంపువారును కలరు. వారికి ద్వేషమేమియు లేదు. ఏమగునో చూతమను కోరిక మాత్రమే. మన వీధిలో తొండమీద రాయి విసరు బాలునికి తొండమీద పగ యున్నదా? ఏమగునో చూతమను కోరికయే. లోకములో జరుగు క్రూరత్వము చాలవరకు పగవలన గాక ఇట్టి వేడుకవలననే పుట్టుచున్నదని నాకు ఆ ఆట వలన తెలిసెను. తొండకు మాత్రము మరల ప్రారంభించు బొత్తాము లేదు.

ఇక ఆటలో ఆట కానివి మూడు గలవు. వీటినిగూర్చి తాతగారును మనుమడును ఇద్దరును ఆలోచింపవలెను.

మొదటిది కాలము. తెరమీది కత్తి కల్పితము గాని పోయిన రాత్రి కల్పితము కాదు. ఆట తన వశము తప్పి, చదువును నిద్రను ఇంటిపనిని త్రోసివేయు స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రుగ్మతల పట్టికలో చేర్చెను. 2022 నుండి ఆ పట్టిక అమలులోనికి వచ్చెను. ఆడువారందరు రోగులని దాని భావము కాదు. గేదెకు కుడితి పెట్టవలసిన వేళ తెలిసి లేవగలవాడు ఆటను ఏలుచున్నాడు; లేవలేనివానిని ఆట ఏలుచున్నది.

రెండవది సొమ్ము. కొన్ని ఆటలలో లోపల ఏమున్నదో తెలియని పెట్టెలను నిజమైన డబ్బిచ్చి కొనవలెను. మంచి వస్తువు వచ్చునో రాదో అదృష్టము. 2018లో బెల్జియం దేశపు అధికారులు ఇట్టివి తమ చట్టము ప్రకారము జూదమేయని నిర్ణయించిరి. తిరునాళ్లలో చక్రము త్రిప్పువానియొద్దకు పోవద్దని పిల్లలకు చెప్పు మనము దీనినిగూర్చి మౌనముగా నుండరాదు.

మూడవది ఎదుటి మనుష్యుడు. ఇంటర్నెటు ద్వారా ఆడునప్పుడు తెరమీది బొమ్మ వెనుక ఒక మనుష్యుడు కూర్చుండి యున్నాడు. అతనిని తిట్టిన తిట్టు ఆటలోని తిట్టు కాదు. 2012లో ప్లేస్టేషన్ 3కు వచ్చిన జర్నీ అను ఆటను ఇక్కడ మెచ్చుకొనవలెను. ఎడారిలో దూరపు కొండవైపు నడచుచుండగా పేరు తెలియని మరియొక యాత్రికుడు తోడగును. మాటలాడుటకు వీలులేదు; ఒక చిన్న స్వరము మాత్రము పలుకవచ్చును. మంచులో ఒకరినొకరు ఆనుకొని నడచినయెడల ఇద్దరికిని బలము వచ్చును. ఆట ముగిసిన పిమ్మటనే తోడు నడచినవారి పేర్లు కనబడును. ఎవరో తెలియకమునుపే మేలు చేయించిన ఆట అది.

కాబట్టి తాతగారూ, దూరమునుండి కేకవేయుటకంటె ఒక సాయంకాలము మనుమని ప్రక్కన కూర్చుండి చూడుడి. డబ్బామీద వేసిన వయస్సు గుర్తును చదివించుకొనుడి. “వాణ్ణి ఎందుకు చంపుతున్నావురా? చంపకుండా పోవడానికి దారి లేదా?” అని అడుగుడి. నాయనా, నీవును “ఉత్త ఆటే గదా” అని దాటవేయక తాతకు జవాబు చెప్పుము. ఆ ఆటలో నీకు సంతోషము కలిగించినదేదో, నీ నేర్పో, కథయో, స్నేహమో, లేక ఒకని బాధయో, దాచక చెప్పుము. చెప్పుటకు సిగ్గుకలుగనిదైతే హాయిగా ఆడుకొనుము. సిగ్గు కలిగినయెడల ఆ ఆటను అక్కడనే ఆపి, యంత్రమును కట్టివేసి, తాతతోకూడ కొంతసేపు అరుగుమీద కూర్చుండుము.